ఏమీ కనిపించని రోజుల్లో ఏం జరుగుతుంటుంది?



పోయిన వానాకాలం మా మూడో తరగతి బాబు ఒకడు లంచ్ బ్రేక్‌లో నా దగ్గరికి వచ్చి, "టీచర్, ఒక ముచ్చట చెప్తే మా ఇంట్ల చెప్పరు గదా?" అని అడిగాడు. నాలుగు రోజుల కింద వీధిలో కుక్కపిల్లతో ఆడుతుంటే అది పిక్క మీద పన్నుతో గీరిందట. కొంచెం రక్తం వచ్చిందట. అమ్మ తిడుతుందని ప్యాంటు కిందికి లాక్కుని ఊరుకున్నాడు. నేను వెంటనే ఫోన్ చేస్తే వాళ్ళమ్మ ముందు నమ్మలేదు. "నాలుగు దినాలైంది మేడం, మంచిగనే తిరుగుతున్నడు. జరం సుత రాలేదు" అన్నారు. ఆ సాయంత్రమే ఆసుపత్రికి తీసుకెళ్ళారు, టీకా మొదలైంది, కోర్సు పూర్తయింది. బాబు ఇప్పుడు నాలుగో తరగతిలో హాయిగా ఉన్నాడు.

అదే నెల పేరెంట్స్ మీటింగ్‌లో ఇంకో నాన్నగారు నన్ను గట్టిగానే అడిగారు. "మూడు నెలలైంది మేడం. ఫీజు కడుతున్నం. మా పాప ఇంట్ల ఒక్క ఇంగ్లిష్ ముక్క మాట్లాడుతలేదు."

ఈ రెండు మాటలకూ సంబంధం లేదనిపిస్తుంది. కానీ ఆలోచిస్తే రెండూ ఒకే చోట నుంచి వచ్చాయి. మొదటి ఇంట్లో ఏమీ కనిపించలేదు కాబట్టి ప్రమాదం లేదనుకున్నారు. రెండో ఇంట్లో ఏమీ కనిపించలేదు కాబట్టి చదువు లేదనుకున్నారు. వైద్యంలోనూ, మనస్తత్వ శాస్త్రంలోనూ ఈ "ఏమీ కనిపించని" కాలానికి ఒక పేరుంది: లేటెన్సీ పీరియడ్. పిల్లలను పెంచేవాళ్ళకు ఇంతగా పనికొచ్చే మాట ఇంకొకటి ఉందా అనిపించి ఈ నెల దీని గురించి రాస్తున్నాను.

మాటకు అర్థం

లేటెంట్ అంటే లాటిన్‌లో దాగి ఉన్నది అని అర్థం. తెలుగులో గుప్త కాలం లేదా గుప్త దశ అంటారు. మీలో తెలుగు మీడియంలో చదివినవాళ్ళకు భౌతిక శాస్త్రంలో "గుప్తోష్ణం" పాఠం గుర్తుండే ఉంటుంది. సున్నా డిగ్రీల దగ్గర ఉన్న మంచుముక్కను వేడి చేస్తుంటే, అది పూర్తిగా కరిగేదాకా థర్మామీటర్ కదలదు. ఒక్కో గ్రాముకు 80 కేలరీల వేడి లోపలికి పోతూనే ఉంటుంది, అంకె మాత్రం సున్నా దగ్గరే ఉంటుంది. థర్మామీటర్‌ను మాత్రమే చూసేవాడు "పొయ్యి వెలగడం లేదేమో" అనుకుంటాడు. మన పెద్దవాళ్ళు "నివురుగప్పిన నిప్పు" అన్నదీ ఇలాంటి స్థితినే.

క్లుప్తంగా చెప్పాలంటే, ఒక కారణం పనిచేయడం మొదలుపెట్టిన క్షణానికీ, దాని ఫలితం బయటపడే క్షణానికీ మధ్య ఉన్న వ్యవధే గుప్త కాలం. అది సెకన్లు కావచ్చు, వారాలు కావచ్చు, ఏళ్ళు కూడా కావచ్చు.

ఆటలమ్మ ఎవరి నుంచి వచ్చింది?

దసరా సెలవుల తర్వాత బడి తెరిచిన కొన్నాళ్ళకు ఏదో ఒక క్లాసులో ఆటలమ్మ కనిపిస్తుంటుంది. అప్పుడు మాకు వచ్చే మొదటి ఫోన్: "ఏ పిల్లగాని నుంచి వచ్చింది మేడం?" ఇది చెప్పడం నిజంగా కష్టం. ఆటలమ్మ వైరస్ ఒంట్లోకి చేరిన తర్వాత పొక్కులు రావడానికి 10 నుంచి 21 రోజులు పడుతుంది. అంటే ఈరోజు పొక్కులు వచ్చిన బిడ్డకు అది బతుకమ్మ రోజుల్లో అమ్మమ్మ ఊళ్ళో అంటుకుని ఉండవచ్చు. పక్క బెంచీ పిల్లవాడిని అనుమానించి లాభం లేదు.

మన పిల్లలకు మామూలుగా వచ్చే జబ్బుల గుప్త కాలం సుమారుగా ఇలా ఉంటుంది:

• ఫ్లూ: 1 నుంచి 4 రోజులు
• డెంగీ: దోమ కుట్టిన తర్వాత 4 నుంచి 10 రోజులు
• తట్టు: జ్వరం, జలుబు మొదలవడానికి 10 నుంచి 12 రోజులు, దద్దు రావడానికి సుమారు 14 రోజులు
• గవదబిళ్ళలు: 12 నుంచి 25 రోజులు
• టైఫాయిడ్: సాధారణంగా 1 నుంచి 3 వారాలు
• కలుషిత నీటితో వచ్చే కామెర్లు, అంటే హెపటైటిస్ ఎ: 15 నుంచి 50 రోజులు

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. డాక్టర్లు రెండు వ్యవధులను వేరుగా లెక్కపెడతారు. క్రిమి చేరిన దగ్గర నుంచి లక్షణాలు కనిపించేదాకా ఉన్నది ఇంక్యుబేషన్ పీరియడ్, మన మాటల్లో పొదిగే కాలం. క్రిమి చేరిన దగ్గర నుంచి ఆ మనిషి ఇతరులకు అంటించగలిగేదాకా ఉన్నది లేటెంట్ పీరియడ్. చాలా జబ్బుల్లో రెండోది మొదటిదానికంటే ముందే ముగుస్తుంది. ఆటలమ్మ పొక్కులు రాకముందే ఒకటి రెండు రోజుల నుంచి, తట్టు దద్దు రాకముందే నాలుగు రోజుల నుంచి ఇతరులకు అంటుకుంటుంది. బిడ్డ నవ్వుతూ ఆడుకుంటున్న రోజుల్లోనే జబ్బు పక్కవారికి చేరుతుంది.

ఈ సంగతిని కరీంనగర్ ఊరు ఊరంతా ఒకసారి అనుభవించింది. 2020 మార్చిలో విదేశాల నుంచి ఇక్కడికి వచ్చిన కొందరికి కరోనా ఉందని తేలినప్పుడు, వైద్య బృందాలు మన వీధుల్లో ఇంటింటికీ తిరిగాయి. అప్పుడు అందరి నోటా వినిపించిన "14 రోజులు" అనే అంకె ఎక్కడిదనుకుంటున్నారు? అది ఆ వైరస్ పొదిగే కాలానికి పెట్టుకున్న గరిష్ఠ పరిమితి. జబ్బు మోస్తున్నామని ఆ మనుషులకే తెలియదు. అందుకే అలాంటప్పుడు నిందించడం కంటే రోజులు లెక్కపెట్టడమే ఎక్కువ పనికొస్తుంది.

కుక్కకాటు: గుప్త కాలం ఇచ్చే గడువు

మొదట చెప్పిన బాబు దగ్గరికి మళ్ళీ వస్తాను. రేబిస్ వైరస్ గాయం నుంచి నరాల వెంట నెమ్మదిగా మెదడు వైపు ప్రయాణిస్తుంది. సాధారణంగా దీనికి ఒకటి నుంచి మూడు నెలలు పడుతుంది. కొన్నిసార్లు వారం రోజులే, అరుదుగా ఏడాది పైన కూడా. ఈ మొత్తం కాలంలో బిడ్డకు జ్వరం ఉండదు, గాయం మానిపోతుంది, అన్నం బాగా తింటాడు. లక్షణాలు మొదలైతే మాత్రం ప్రాణం నిలబడటం దాదాపు అసాధ్యం.

కానీ ఈ ఆలస్యమే మనకు రక్ష కూడా. వైరస్ నడుస్తున్న ఆ రోజుల్లోనే టీకాతో శరీరం తన సైన్యాన్ని తయారు చేసుకోగలదు. 1885 జూలై 6న పారిస్‌లో లూయీ పాశ్చర్ ఈ ఆశతోనే జోసెఫ్ మైస్టర్ అనే పిల్లవాడికి టీకా వేయించాడు. కుక్క కరిచి అప్పటికి రెండు రోజులైంది. బిడ్డ వయసు తొమ్మిదేళ్ళు, అంటే మన నాలుగో తరగతి పిల్లవాడంత. అతను బతికాడు.

కాబట్టి కరిచినా, పన్నుతో గీరినా వెంటనే పారే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. కారం, పసుపు, సున్నం పెట్టకండి. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. నాలుగు రోజులు ఆలస్యమైనా, పది రోజులు ఆలస్యమైనా "ఇప్పుడెందుకులే" అనుకోకండి. టీకా వేసిన మొదటి రోజును సున్నాగా లెక్కపెడితే, చర్మంలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. కండరానికి వేసే పద్ధతిలో 14వ రోజు కూడా ఉంటుంది. గాయాన్ని బట్టి ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా కావాలేమో డాక్టర్ చెబుతారు. రెండు డోసులయ్యాక "మంచిగనే ఉన్నడు గదా" అని ఆపేయకండి.

ఆదిలాబాద్ జ్వరం, కాలేయంలో నిద్ర

ఉట్నూరు, ఆసిఫాబాద్ వైపు బంధువులున్నవాళ్ళకు మలేరియా గురించి నేను చెప్పనక్కరలేదు. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాద్‌లోనే రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశాడు. అయితే దోమ కుట్టిన తర్వాత, జ్వరం రాకముందు ఆ క్రిమి మనిషి ఒంట్లో ఎక్కడ దాక్కుంటుంది? జవాబు దొరకడానికి మరో 51 ఏళ్ళు పట్టింది. 1948లో షార్ట్, గార్న్‌హామ్ అనే శాస్త్రవేత్తలు కాలేయంలో దాని జాడ కనిపెట్టారు.

వైవాక్స్ రకం మలేరియాలో కొన్ని క్రిములు ఆ కాలేయంలోనే నిద్రపోతాయి. జ్వరం తగ్గి, బిడ్డ బడికి వచ్చి, పరీక్షలు కూడా రాసేశాక, వారాలకో నెలలకో లేస్తాయి. కొత్తగా దోమ కుట్టకుండానే జ్వరం మళ్ళీ వస్తుంది. ఆ నిద్రపోయేవాటి కోసమే డాక్టర్లు 14 రోజుల మాత్రలు రాస్తారు. మూడో రోజుకు జ్వరం పోయిందని ఆ మాత్రలు అలమారాలో పెట్టేస్తే, మనం నిప్పును వదిలేసి నివురును మాత్రం ఊడ్చినట్టు. ఊరి నుంచి తిరిగి వచ్చిన బిడ్డకు జ్వరం వస్తే, గత కొన్ని నెలల్లో ఎక్కడెక్కడ ఉన్నాడో డాక్టర్‌కు చెప్పండి.

కొన్ని గుప్త కాలాలు ఇంకా పొడవు. గోదావరిఖని, మందమర్రి గనుల్లో పనిచేసిన తాతలను అడగండి. బొగ్గు ధూళి ఊపిరితిత్తుల్లో చేసే హాని సాధారణంగా పదేళ్ళు దాటాకే ఆయాసంగా బయటపడుతుంది. పొగాకు వల్ల వచ్చే క్యాన్సర్‌కు ఇరవై, ముప్పై ఏళ్ళు పట్టవచ్చు. ఇంట్లో పిల్లల ముందు వెలిగించే ప్రతి సిగరెట్ గురించి ఇంతకంటే ఎక్కువ చెప్పను.

మనసుకు కూడా గుప్త కాలం ఉంది

సిగ్మండ్ ఫ్రాయిడ్ 1939లో వచ్చిన "మోజెస్ అండ్ మోనోథీయిజం" అనే పుస్తకంలో ఒక ఉదాహరణ ఇచ్చాడు. రైలు ప్రమాదం నుంచి ఒక మనిషి చిన్న గాయం కూడా లేకుండా నడిచి వెళ్ళిపోతాడు. కొన్ని వారాల తర్వాత అతనిలో తీవ్రమైన మానసిక, శారీరక లక్షణాలు మొదలవుతాయి. ఈ మధ్య కాలాన్ని ఆయన అంటువ్యాధుల పొదిగే కాలంతోనే పోల్చాడు. వైద్యంలోని మాట మనస్తత్వ శాస్త్రానికి ఎలా సరిపోతుందో ఇక్కడ స్పష్టంగా తెలుస్తుంది.

2018 సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాట్‌లో బస్సు లోయలో పడి అరవై మందికి పైగా చనిపోయిన రోజును మన ప్రాంతం మరిచిపోలేదు. అంత పెద్ద విషాదమే కానక్కరలేదు. ఇంట్లో నానమ్మ చనిపోవడం, నాన్న గల్ఫ్‌కు వెళ్ళిపోవడం, అమ్మానాన్నల మధ్య గొడవలు. అప్పుడు బిడ్డ ఏడవడు. "చిన్నోడు, వానికేం తెలుస్తది" అనుకుంటాం. నాలుగైదు నెలల తర్వాత హోంవర్క్ ఆగిపోతుంది, ఉదయం కడుపునొప్పి అంటాడు, రాత్రి పక్క తడుపుతాడు. మేము దానిని బద్ధకం అనీ, మీరు మొండితనం అనీ అనుకునే ప్రమాదం ఉంది. మార్కులు హఠాత్తుగా పడిపోయినప్పుడు గత వారం ఏం జరిగిందని అడిగి ఆగకుండా, గత ఏడాదిలో ఏం జరిగిందని కూడా అడగండి.

ఆరు నుంచి పన్నెండేళ్ళ దాకా

మనస్తత్వ శాస్త్రంలో "లేటెన్సీ పీరియడ్" అనగానే బీఈడీ చదివిన ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ఇంకొకటి. 1905లో ఫ్రాయిడ్, పిల్లల జీవితంలో సుమారు ఆరేళ్ళ నుంచి యవ్వనారంభం దాకా ఉన్న కాలానికి ఈ పేరు పెట్టాడు. తొలి ఏళ్ళలోని ఉద్వేగాల తుఫాను అణగి, ఆ శక్తి చదువు మీదికి, ఆటల మీదికి, స్నేహాల మీదికి మళ్ళుతుందని ఆయన భావన. ఆయన సిద్ధాంతాన్ని ఈనాటి మనస్తత్వవేత్తలు చాలామంది పూర్తిగా ఒప్పుకోరు. ఈ వయసు మరీ అంత ప్రశాంతమైనదేమీ కాదని మూడో తరగతి టీచర్లందరికీ తెలుసు!

ఎరిక్ ఎరిక్‌సన్ 1950లో ఇదే వయసును ఇంకో వైపు నుంచి చూశాడు. ఈ దశలో బిడ్డ లోపల తేలాల్సిన లెక్క "శ్రమశీలత – న్యూనత" అన్నాడు. "నేను చేయగలను" అనే నమ్మకం కుదురుతుందా, "నాకు రాదు" అనే భావం గూడు కట్టుకుంటుందా? ఈ ఏళ్ళలో మనం అనే "పక్కింటి పాపను చూడు" లాంటి మాటకు ఆ రోజు జవాబు రాదు. ఫలితం తొమ్మిదో తరగతిలో, ఇంటర్‌లో కనిపిస్తుంది.

ఒక్క ముక్క మాట్లాడని పాప

ఇప్పుడు రెండో ఇంటి సంగతి. ఆ పాప ఇంట్లో గోండి, వీధిలో తెలుగు మాట్లాడుతుంది. ఇంగ్లిష్ ఆమెకు మూడో భాష. జూన్ నుంచి క్లాసులో నోరు విప్పలేదు. ఆగస్టులో నేనే డైరీలో "క్లాసులో స్పందించడం లేదు" అని రాశాను. ఆ వాక్యం రాసినందుకు ఇప్పటికీ బాధపడుతుంటాను. నవంబర్‌లో ఒకరోజు నేను బోర్డు మీద రాస్తుంటే వెనక నుంచి వినిపించింది: "టీచర్, వాటర్ ఈజ్ కమింగ్ అవుట్ ఆఫ్ హిజ్ బ్యాగ్!" తప్పు లేని పూర్తి వాక్యం. అది ఆ రోజు పుట్టింది కాదు. ఐదు నెలలుగా లోపల తయారవుతూ వచ్చింది.

కొత్త భాష మధ్యలో పడిన పిల్లలు కొన్ని వారాల నుంచి కొన్ని నెలల దాకా వింటూ మౌనంగా ఉండటం సహజమే. దీనిని సైలెంట్ పీరియడ్ అంటారు. 1930లో టోల్మన్, హోంజిక్ అనే ఇద్దరు ఎలుకలతో చేసిన ప్రయోగం దీనికి దగ్గరిది. కొన్ని ఎలుకలను పది రోజులు తిండి పెట్టకుండా చిక్కుదారిలో ఊరికే తిరగనిచ్చారు. వాటికి ఏమీ వచ్చినట్టు కనిపించలేదు. పదకొండో రోజు దారి చివర తిండి పెట్టారు. ఒకటి రెండు రోజుల్లోనే అవి, మొదటి నుంచీ తిండి దొరికిన ఎలుకలతో సమానంగా దారి పట్టేశాయి. ఊరికే తిరిగినన్నాళ్ళూ అవి దారి నేర్చుకుంటూనే ఉన్నాయి. దీనికి లేటెంట్ లెర్నింగ్ అని పేరు.

అతి చిన్న గుప్త కాలం ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఉంటుంది. 1970లలో మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు, టీచర్లు ప్రశ్న అడిగి సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని గమనించింది. ఆ ఆగడాన్ని మూడు సెకన్లు చేస్తే జవాబులు పొడవయ్యాయి, మామూలుగా మాట్లాడని పిల్లలు కూడా మాట్లాడారు. బీఈడీలో దీనిని పరీక్ష కోసం చదివాను. ఇప్పుడు క్లాసులో మనసులో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతున్నాను. ఇంట్లో మీరూ చేసి చూడండి. మూడు సెకన్లు ఎంత పొడవో తెలుస్తుంది.

ఏ మౌనాన్ని నమ్మాలి?

"ఓపిక పట్టాలా, భయపడాలా?" అని మీరు అడగవచ్చు. నాకు తెలిసినంతలో చెబుతాను.

ఒంటి విషయంలో మౌనాన్ని నమ్మకండి. కుక్కకాటు, తెలిసినవాళ్ళకు అంటువ్యాధి, మధ్యలో ఆపిన మందులు: ఈ మూడింటిలో "బాగానే ఉన్నాడు" అనే మాటను పక్కన పెట్టి తేదీలు రాసుకోండి. ఆటలమ్మ వచ్చిన బిడ్డను పొక్కులన్నీ ఎండి చెక్కు కట్టేదాకా ఇంట్లోనే ఉంచండి. అటెండెన్స్ గురించి బెంగ వద్దు.

నేర్చుకునే విషయంలో మౌనానికి సమయం ఇవ్వండి. మాట్లాడకపోయినా బిడ్డ చెప్పింది అర్థం చేసుకుంటూ, పాటకు చేతులు ఆడిస్తూ, బొమ్మ చూపిస్తే వేలు పెడుతూ ఉంటే లోపల పని జరుగుతోందని అర్థం. అయితే ఇంటి భాషలో కూడా మాటలు తగ్గిపోతే, పిలిస్తే పలకకపోతే, చెవులు పరీక్ష చేయించి పిల్లల డాక్టర్‌ను కలవండి.

మనసు విషయంలో మౌనాన్ని కదిలించండి, కానీ మెల్లగా. ప్రశ్నలు గుప్పించకుండా, బండి మీద వస్తూనో, రాత్రి పడుకునేముందో ఒక్క మాట అడిగి ఆగండి.

అన్నిటికంటే ముఖ్యమైనది చివరకు ఉంచాను. ఆ బాబు కుక్క సంగతి నాలుగు రోజులు దాచింది నొప్పి లేక కాదు, తిట్లకు భయపడి. ఇంట్లో ఈరోజే ఒక మాట చెప్పండి: "కుక్క గీరినా, కిందపడ్డా, ఎవరైనా ఏమన్నా, మాకు చెప్తే తిట్టం." ఆ మాట ఫలితం కూడా వెంటనే కనిపించదు. అవసరమైన రోజున కనిపిస్తుంది.

మీ పిల్లల ఇంగ్లిష్ టీచర్